కృష్ణా డెల్టాలో ప్రతిభా ఉపకార వేతనాలు, ఆనర్స్ చదువులు

చదువులో ముందున్న విద్యార్థికి మార్కులను బట్టి ఇచ్చే డబ్బు సాయాన్ని ఇప్పుడు అందరూ మెరిట్ స్కాలర్‌షిప్ అంటున్నారు. ప్రభుత్వ ఉత్తర్వుల్లో దాని పాత పేరు ఉపకార వేతనం. ఆ మాట చెప్పేది ఉపకారం గురించి, తెలివి ఉండీ స్తోమత లేని పిల్లవాడికి ఆసరాగా నిలవడం గురించి. మెరిట్ అనే మాటలో ఆసరా వెనక్కి పోయి పోటీ ముందుకొచ్చింది. కృష్ణా డెల్టాలో ఈ పథకాల చరిత్ర చూస్తే ఈ రెండు అర్థాలూ వందేళ్లుగా పెనుగులాడుతున్నట్టు తెలుస్తుంది.

ఇక్కడ కృష్ణా డెల్టా అంటే విజయవాడ దగ్గర నది నుంచి చీలే కాలువల కింది ప్రాంతం. తూర్పున బందరు, ఏలూరు, రైవస్ కాలువల ఆయకట్టు, పడమట తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు నేలలు ఇందులోకి వస్తాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇది ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు, బాపట్ల, ఏలూరు జిల్లాల మధ్య పంచుకుపోయింది. కాలేజీ చదువుకు మాత్రం ఈ ప్రాంతమంతటికీ కూడలి విజయవాడే.

వారాల నుంచి వేతనాల దాకా

1850ల్లో బెజవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట కట్టారు. మెట్ట నేల మాగాణి అయింది, పంట మిగులు చేతికొచ్చింది. ఆ మిగులులో చాలా భాగం బళ్లకు, వసతి గృహాలకు, పిల్లల పై చదువులకు వెళ్లింది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ బడి 1843 నుంచే ఉంది. గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో వచ్చింది. విజయవాడకు ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల 1937లో, ఆంధ్ర లయోలా 1950ల్లో, మారిస్ స్టెల్లా 1962లో వచ్చాయి. 1975లో సిద్ధార్థ అకాడమీ ఏర్పడింది. దాత ఒకాయన స్థలం ఇస్తే మరొకరు గది కట్టించి ఇచ్చేవారు, ఇంకొకరు తన తల్లి పేరునో తండ్రి పేరునో తరగతి ఫస్టుకు బంగారు పతకం పెట్టేవారు. ఈ ప్రాంతపు కాలేజీల్లో గోడలకు తాపిన పాలరాతి ఫలకాలు చదివితే ఆ కథంతా కనిపిస్తుంది.

అయితే వ్యవస్థగా వేతనాలు రాకముందు పేద విద్యార్థిని నిలబెట్టింది వారాలు. పట్నానికి చదువుకు వచ్చిన పిల్లవాడు ఏడు ఇళ్లు చూసుకుని, సోమవారం ఒక ఇంట, మంగళవారం ఇంకో ఇంట భోంచేస్తూ బడికి వెళ్లేవాడు. తాతల తరంలో ఇది అవమానం కాదు. వారం పెట్టే ఇల్లాలు ఆ పిల్లవాడి పరీక్ష ఫలితం కోసం తన బిడ్డ ఫలితానికి చూసినట్టే ఎదురు చూసేది. కానీ ఆ తలుపులు అన్ని కులాల పిల్లలకూ తెరుచుకోలేదు. ఆ లోటు తీర్చడానికే ఎవరికి వారు సంఘాలు పెట్టుకుని వసతి గృహాలు కట్టుకున్నారు. సర్కారు సంక్షేమ హాస్టళ్లు వచ్చాకే దళిత విద్యార్థికి పట్నంలో కచ్చితంగా ఒక మంచం, ఒక కంచం దొరికాయి. మెరిట్ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే లెక్క తప్పుతుంది.

ఆనర్స్ మాటకు కూడా బెజవాడతో పాత చుట్టరికం ఉంది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టినప్పుడు దాని కేంద్ర కార్యాలయం బెజవాడలోనే. ఎక్కడ స్థిరపడాలన్న వాదం కొన్నేళ్లు నడిచి, 1930లో అది వాల్తేరుకు తరలింది. 1931లో అక్కడ ఆనర్స్ తరగతులు మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఇంటర్మీడియట్ తరువాత పాస్ కోర్సు రెండేళ్లు, ఆనర్స్ మూడేళ్లు. ఆనర్స్‌లో సీట్లు తక్కువ, ఒకే సబ్జెక్టును లోతుగా చదవాలి. ఆ పట్టాదారుకు తరువాత మరో పరీక్ష లేకుండానే ఎం.ఏ. హోదా దక్కేది. బందరులోనో గుంటూరులోనో ఇంటర్ ముగించిన కుర్రవాడు ఆనర్స్ కావాలనుకుంటే వాల్తేరుకో మద్రాసుకో రైలెక్కాలి. అంత దూరం పంపగలిగే ఇల్లు కావాలి, లేదా వేతనం కావాలి.

ఆ పరిషత్తుకు తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి స్వయంగా వేతనం మీద చదివినవారు. 1902లో భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కళాశాలకు వెళ్లారు. ఆయన తరువాత ఆ పదవిలోకి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ చదువు కూడా చాలావరకు ఉపకార వేతనాల మీదే సాగింది. పక్కనే గోదావరి డెల్టాలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డుకు వెళ్లడానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయపడింది, మామగారు మిగతా డబ్బు కూడబెట్టారు. అక్కడికి చేరాక ఆ డబ్బు చాలక ఆయన ఆసుపత్రిలో రాత్రి పనివాడుగా చేరారు. వేతనం అంటే ఎంతవరకు వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ ఒక్క జీవితం చెబుతుంది.

ఇంకొక జీవితం ఈ డెల్టాకు మరీ దగ్గరిది. గణాంక శాస్త్రంలో ప్రపంచం గౌరవించిన సి.ఆర్. రావు 1920లో హడగళిలో పుట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల వెంట కుటుంబం తిరగడంతో ఆయన బడి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో సాగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం మొదటి శ్రేణిలో పూర్తి చేశారు. పరిశోధన చేయాలని స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకుంటే, అది ఆలస్యంగా అందిందని తిరస్కరించారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లినప్పుడు భారతీయ గణాంక సంస్థ గురించి తెలిసింది. 1941 జనవరి 1న అందులో చేరారు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. తేదీ దాటిన ఆ దరఖాస్తు ఆయన్ని ఆపలేకపోయింది. కానీ అందరికీ కలకత్తా దారి దొరకదు. ఈ వ్యాసంలో ముందు ముందు వచ్చే పథకాలన్నిటిలోనూ చివరి తేదీ అనేది మార్కులంత బలంగా పనిచేస్తుంది.

ఎనిమిదో తరగతి డిసెంబరు

ఇప్పటి పిల్లలకు ప్రతిభా పోటీ మొదట ఎదురయ్యేది ఎనిమిదో తరగతిలో. జాతీయ ఉపకార వేతన పథకం, అంటే ఎన్ఎంఎంఎస్, 2008లో మొదలైంది. ఎనిమిది తరువాత బడి మానేసే పేద పిల్లలను ఇంటర్ దాకా నిలబెట్టడం దాని ఉద్దేశం. దేశమంతటికీ ఏటా లక్ష వేతనాలు, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. మొదట్లో 6,000 ఉండేది, 2017 నుంచి రెట్టింపు చేశారు. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్, ఎయిడెడ్ బళ్ల పిల్లలకే అర్హత. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు.

పరీక్షలో రెండు పేపర్లు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. రెండోది పాఠ్యపుస్తకాల్లోని గణితం, సైన్స్, సాంఘికం. పిల్లలు తడబడేది మొదటి దాని దగ్గరే. మానసిక సామర్థ్య పరీక్షలో బొమ్మల వరసలో తరువాతి బొమ్మ ఏదో, అద్దంలో అంకె ఎలా కనిపిస్తుందో, కోడ్ మాటలో ఏ అక్షరం ఎటు జరిగిందో కనిపెట్టాలి. ఇవి ఏ పాఠంలోనూ ఉండవు. సాయంత్రం బడి వదిలాక ఒక గంట కూర్చోబెట్టి నేర్పే మాస్టారు ఉన్న బడి నుంచి నలుగురైదుగురు ఎంపికవుతారు. లేని బడి నుంచి ఒక్కరూ ఉండరు. పక్కపక్క ఊళ్ల బళ్ల మధ్య కూడా ఈ తేడా కనిపిస్తుంది. ఇంత చిన్న శ్రద్ధ మీద ఒక పిల్ల నాలుగేళ్ల చదువు ఆధారపడటం మనసును కలుక్కుమనిపించే విషయం. అలా సాయంత్రాలు ఇచ్చే ఉపాధ్యాయుల పేర్లు ఏ ఫలకం మీదా ఉండవు.

పరీక్ష మామూలుగా డిసెంబరులో ఒక ఆదివారం పెడతారు. డెల్టాలో అప్పటికి సార్వా కోతలు, నూర్పిళ్లు ముమ్మరంగా ఉంటాయి. కౌలు రైతుకూ, కూలికి వెళ్లే తల్లికీ అది ఊపిరి సలపని కాలం. ఆ తొందరలోనే ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం సిద్ధం చేయాలి, పిల్లను మండల కేంద్రంలోనో డివిజన్ కేంద్రంలోనో ఉన్న పరీక్ష చోటికి తీసుకెళ్లాలి. ఆటో మాట్లాడి పది మంది పిల్లలను తానే వెంటబెట్టుకుని వెళ్లే ప్రధానోపాధ్యాయులూ ఉన్నారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ వేతనం తీసుకుంటున్న విద్యార్థి ప్రైవేటు విద్యాసంస్థకు మారితే అర్హత పోతుంది. పదిలో మంచి మార్కులు తెచ్చుకున్న అదే పిల్లకు విజయవాడ కార్పొరేట్ జూనియర్ కళాశాల ఫీజులో రాయితీ ఇస్తామని కబురు పంపుతుంది. ఒకదాన్ని పట్టుకుంటే ఇంకోటి జారిపోతుంది. తల్లిదండ్రులకు ఈ సంగతి చాలాసార్లు చేరాక గానీ తెలియదు.

జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష ఇంకొకటి ఉండేది. 1963లో ఢిల్లీలో మొదలై, మరుసటేడు దేశమంతటా వ్యాపించింది. దశాబ్దాలపాటు పదో తరగతి పిల్లలకు ఎన్‌టీఎస్ఈ అనేదే పెద్ద పేరు. 2021 తరువాత అది ఆగిపోయింది. ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు సైన్స్‌లో 1999 నుంచి నడిచిన కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజనను 2022లో ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. రెండు పరీక్షలు లేకుండా పోవడంతో ఇప్పుడు బరువంతా బోర్డు మార్కుల మీదే పడింది.

నూజివీడు లెక్క

పదో తరగతి మార్కుల మీద నేరుగా విశ్వవిద్యాలయ ప్రవేశం ఇచ్చే చోటు నూజివీడు ట్రిపుల్ ఐటీ. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైంది. ట్యూరింగ్ పురస్కార గ్రహీత రాజ్ రెడ్డి దాని తొలి ఛాన్సలర్. పల్లెటూరి బడిలో పది పాసైన పిల్లను ఆరేళ్లు అక్కడే ఉంచి, రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్ చదివించడం దాని పద్ధతి. డెల్టాలో ఏ ప్రభుత్వ హైస్కూలుకు వెళ్లి అడిగినా చెప్పుకునే పెద్ద విజయం ఇదే. 'మా బడి నుంచి ఈ ఏడు ముగ్గురికి ట్రిపుల్ ఐటీ వచ్చింది' అంటారు.

ఎంపికలో ఉన్న న్యాయం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. వసతి లేని ప్రభుత్వ బళ్లలో చదివిన వారికి అదనపు పాయింట్లు కలుపుతారు. గ్రేడ్ల కాలంలో పది పాయింట్లకు 0.4 కలిపేవారు, మార్కుల కాలంలో అది 4 శాతం అయింది. అంటే ప్రైవేటు బడిలో 10 తెచ్చుకున్న పిల్లవాడి కంటే జిల్లా పరిషత్ బడిలో 9.7 తెచ్చుకున్న పిల్ల లెక్కలో ముందుంటుంది. ట్యూషను లేకుండా, ఇంట్లో పని చేస్తూ తెచ్చుకున్న 9.7 బరువు ఎక్కువని ఒప్పుకున్న లెక్క ఇది. ప్రతిభను కొలిచే పద్ధతుల్లో ఇంతకన్నా నిజాయతీ అయినది ఈ ప్రాంతంలో మరొకటి కనిపించదు.

సమానంగా వస్తే ఏం చేయాలి? గ్రేడ్ల రోజుల్లో పదికి పది వచ్చిన వారు వేలల్లో ఉండేవారు. అప్పుడు ముందు గణితం చూస్తారు. అదీ సమానమైతే సైన్స్, తరువాత ఇంగ్లిష్, సాంఘికం, తెలుగు. అవన్నీ ఒకటే అయితే పుట్టిన తేదీ చూసి పెద్దవారికి ఇస్తారు. అప్పటికీ తేలకపోతే హాల్ టికెట్ నంబరు నుంచి తీసిన యాదృచ్ఛిక సంఖ్యల్లో ఎవరిది చిన్నదైతే వారికి. పదిహేనేళ్ల పిల్లల భవిష్యత్తు మధ్య గీత చివరికి పుట్టినరోజు దగ్గరో ఒక అంకె దగ్గరో పడుతుందన్నమాట. కోవిడ్‌తో 2020, 2021లో పది పరీక్షలు రద్దై అందరూ పాసైనప్పుడు మార్కులే లేకుండా పోయాయి. ఆ రెండేళ్లూ విశ్వవిద్యాలయం విడిగా ప్రవేశ పరీక్ష పెట్టాల్సి వచ్చింది. నూజివీడు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది, కానీ బందరు, గుడివాడ, తిరువూరు పిల్లలకు అది ఇంకా 'మన నూజివీడే'.

ఇంటర్ మార్కులు, ర్యాంకులు

1986లో రాష్ట్రంలో ఎంసెట్ మొదలైంది. అదే ఏడాది విజయవాడలో బి.ఎస్. రావు ఆడపిల్లల జూనియర్ కళాశాలతో శ్రీ చైతన్య సంస్థను ప్రారంభించారు. ఆ పైన ఈ ఊరు ర్యాంకుల ఊరైపోయింది. గూడవల్లి, నిడమానూరు, ఎనికేపాడు, పోరంకిల మీదుగా వెళితే రోడ్డుకు రెండు పక్కలా హాస్టల్ భవనాలే. జూన్ నెలలో ట్రంకు పెట్టెలు, బకెట్లు, కొత్త దుప్పట్లు అమ్మే కొట్లు కిటకిటలాడతాయి.

ఇక్కడి కళాశాలలు ప్రతిభా పరీక్షలు పెట్టి ఫీజులో 25 శాతం, 50 శాతం తగ్గిస్తామంటాయి. బాగా ముందున్న పిల్లకు 'ఫ్రీ సీటు' ఇస్తాయి. తల్లిదండ్రులు దీన్ని కన్సెషన్ అంటారు. ఆ మాటే సరైనది కూడా. ఉపకార వేతనానికీ రాయితీకీ తేడా ఉంది. ఉపకార వేతనం విద్యార్థి చేతికొస్తుంది, అది ఒక్క సంస్థకే కట్టుబడి ఉండదు. రాయితీ ఆ సంస్థ గేటు లోపలే చెల్లుతుంది. అసలు ఫీజు ఎంతో ముందు తెలియకపోతే తగ్గింది ఎంతో తేల్చలేం. అందుకే ఎంత తగ్గించారన్నది కాకుండా చివరికి ఎంత కట్టాలన్నది అడగడం మేలు. హాస్టల్ ఖర్చు అందులో ఉందా లేదా, రెండో ఏడు కూడా అదే తగ్గింపు ఉంటుందా అన్నవి కాగితం మీద రాయించుకోవాలి.

ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం ఆదాయం చూసి ఇచ్చేది. 2008 నుంచి ఇంజనీరింగ్ చదువును డెల్టా కూలి ఇళ్ల దాకా తెచ్చింది ఇదే. ఒక దశలో దీనిలోకీ ర్యాంకు గీత వచ్చింది. 2012లో బీసీ, ఇతర వర్గాల పేదలకు ఎంసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, దాటితే 35,000 రూపాయల వరకే అని పెట్టారు. 9,990కీ 10,010కీ మధ్య తెలివిలో తేడా ఏముంటుంది? కానీ ఇంటి లెక్కలో మాత్రం తేడా వేలల్లో వచ్చింది.

ఇంటర్ తరువాత అందే కేంద్ర వేతనాల్లో పెద్దది సెంట్రల్ సెక్టార్ స్కీమ్. ఏటా దేశంలో 82,000 మందికి ఇస్తారు, సగం ఆడపిల్లలకు. ఇంటర్ బోర్డులో అదే విభాగంలో రాసిన వారిలో 80 పర్సంటైల్ పైన ఉండాలి. కుటుంబ ఆదాయం 4.5 లక్షలు దాటకూడదు. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000, పీజీలో 20,000. కొనసాగాలంటే 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు చాలు. దీన్ని సైన్స్, కామర్స్, ఆర్ట్స్ విభాగాలకు 3:2:1 నిష్పత్తిలో పంచుతారు. డెల్టాలో ఎంపీసీ, బైపీసీల్లో రద్దీ చెప్పనక్కర లేదు. సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకున్న పిల్లలకు తమ విభాగానికి వేరే వాటా ఉందన్న సంగతి ఎవరూ చెప్పరు. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో హెచ్‌ఈసీ చదివి మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయికి ఈ వేతనం నిజంగా అందుబాటులో ఉన్నది.

ఇన్‌స్పైర్ ఉన్నత విద్యా వేతనం కథ వేరు. బోర్డులో పై ఒక్క శాతంలో ఉన్నవారు, లేదా జేఈఈ, నీట్ వంటి పరీక్షల్లో తొలి 10,000 ర్యాంకుల్లో ఉన్నవారు ప్రకృతి శాస్త్రాల్లో బీఎస్సీ, ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ లాంటివి చదివితే ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 చేతికి, 20,000 వేసవి పరిశోధనకు. ఏటా వేల మందికి ఇచ్చే ఏర్పాటు ఇది. మరి విజయవాడ టాపర్ బీఎస్సీలో చేరతాడా? పై ఒక్క శాతంలో ఉన్న పిల్లలు దాదాపు అందరూ బీటెక్‌కో ఎంబీబీఎస్‌కో వెళ్తారు. బీఎస్సీలో చేరినవారికి ఆ కటాఫ్ అందదు. డెల్టాలో బీఎస్సీ అంటే 'ఏ సీటూ రాలేదా?' అని చుట్టాలు అడిగే పరిస్థితి ఉన్నంతకాలం ఈ డబ్బు ఇటువైపు కొద్దిగానే వస్తుంది. భౌతిక శాస్త్రం మీద ప్రాణం పెట్టుకున్న పిల్లను ఇంట్లో ఒప్పించడానికి ఈ 80,000 అంకె పనికొస్తే అంతకన్నా కావలసిందేమీ లేదు.

అమ్మాయిలకు సాంకేతిక విద్యలో ఏఐసీటీఈ ప్రగతి వేతనం ఏడాదికి 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు.

కృష్ణకు ఆవలి ఒడ్డున, వడ్డేశ్వరం నుంచి అమరావతి దాకా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వరసగా ఉన్నాయి. 1980లో కళాశాలగా మొదలైన కేఎల్ 2009లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. విట్, ఎస్ఆర్ఎం 2017లో అమరావతికి వచ్చాయి. వీటి ప్రతిభా రాయితీలు ఇంటర్ శాతం, జేఈఈ పర్సంటైల్, సొంత ప్రవేశ పరీక్ష ర్యాంకు మీద నడుస్తాయి. ఉదాహరణకు విట్ తన పరీక్షలో తొలి పది ర్యాంకులకు ట్యూషన్ ఫీజులో 75 శాతం, 11 నుంచి 50 దాకా 50 శాతం, 51 నుంచి 100 దాకా 25 శాతం తగ్గిస్తుంది, బోర్డు టాపర్లకు పూర్తిగా మినహాయిస్తుంది. పల్లెల్లోని ప్రభుత్వ బళ్లలో చదివి జిల్లాలో మొదట నిలిచిన వారికి భోజన వసతులతో సహా ఉచితంగా చదువు చెప్పే స్టార్స్ అనే ఏర్పాటు కూడా దానికి ఉంది. ప్రకటనల్లో రాయితీ శాతం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నిలుపుకోవడానికి కావలసిన సీజీపీఏ, బ్యాక్‌లాగ్ ఉండకూడదన్న నియమం చిన్న అక్షరాల్లో ఉంటాయి. మొదటి సెమిస్టరులో ఇంగ్లిష్ మీడియం, కొత్త ఊరు, కోడింగ్ అన్నీ ఒక్కసారి మీద పడతాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల ఒక సబ్జెక్టు తప్పేది సరిగ్గా అప్పుడే. మొదటి ఏడాది గండం దాటడానికి ఒక సెమిస్టరు గడువు ఇచ్చే నియమం ఉంటే చాలామంది నిలబడతారు.

కాగితాల మధ్య

మార్కులు వచ్చాక అసలు పరుగు మొదలవుతుంది. కేంద్ర పథకాల్లో చాలావరకు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. ముందు ఒకసారి నమోదు, తరువాత దరఖాస్తు, దాన్ని కళాశాలలో నోడల్ అధికారి సరిచూసి పైకి పంపాలి. గడువులోగా ఆయన బటన్ నొక్కకపోతే విద్యార్థి తప్పు లేకపోయినా దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు ఇప్పుడు గ్రామ, వార్డు సచివాలయంలో పెట్టుకోవచ్చు. పేర్లలో తేడాలు పెద్ద తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, బ్యాంకు పుస్తకంలో అసలే లేదు. మూడూ ఒకటి కాకపోతే కంప్యూటర్ ఒప్పుకోదు.

డబ్బు మంజూరైందని చూపించినా ఖాతాలో పడకపోవడం మామూలే. ఆధార్ ఏ ఖాతాకు అనుసంధానమై ఉందో ఆ ఖాతాలోనే పడుతుంది. తల్లి పొదుపు సంఘం కోసం తెరిపించిన పాత ఖాతాకో, ఎప్పుడో తీసిన సున్నా ఖాతాకో అది ముడిపడి ఉండవచ్చు. బ్యాంకుకు వెళ్లి 'ఎన్‌పీసీఐ మ్యాపింగ్' మార్పించుకోవాలి. ఈ మాట ఇవాళ డెల్టా పల్లెల్లో తల్లులకు కూడా తెలుసు. రెండో ఏడు రెన్యూవల్ మళ్లీ విద్యార్థే పెట్టుకోవాలి, దానంతట అది రాదు. చాలా వేతనాలు పోయేది ఇక్కడే. ఏడాదికోసారి ఈ పనికోసం ఒక రోజు కేటాయించి, అర్హులందరినీ కంప్యూటర్ ల్యాబులో కూర్చోబెట్టి రెన్యూవల్ చేయించే కళాశాలలో ఒక్క వేతనం కూడా వృథా పోదు.

ప్రభుత్వం బయట కూడా ఆసరాలు ఉన్నాయి. పదిలో 90 శాతం దాటిన పేద పిల్లలకు విద్యాధన్, ఇంజనీరింగ్, వైద్య విద్యార్థులకు 1994లో ప్రవాస భారతీయులు స్థాపించిన ఫౌండేషన్ ఫర్ ఎక్సలెన్స్ సాయం చేస్తున్నాయి. ఉత్తర అమెరికా తెలుగు సంఘం, అంటే తానా, తన ఫౌండేషన్ ద్వారా 'చేయూత' పేరుతో ఇక్కడి విద్యార్థులకు వేతనాలు ఇస్తోంది. ఒకప్పుడు బందరు, గుడివాడ నుంచి అప్పు చేసి వెళ్లినవారే ఆ డబ్బు పంపేవారిలో చాలామంది. వాళ్ల పిల్లలు అక్కడ 1955 నుంచి నడుస్తున్న నేషనల్ మెరిట్ పోటీలో, విశ్వవిద్యాలయాల ఆనర్స్ కళాశాలల ప్రవేశాల్లో పోటీ పడుతున్నారు. అమెరికాలో ఆనర్స్ పద్ధతిని 1922లో స్వార్త్‌మోర్ కళాశాలలో ఫ్రాంక్ ఐడలాట్ మొదలుపెట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్స్ స్కాలర్‌గా చూసిన చిన్న తరగతుల చర్చా పద్ధతే దానికి నమూనా.

ఆనర్స్ మళ్లీ వచ్చింది

మన దగ్గర ఆనర్స్ అన్న మాట రెండు దారుల్లో తిరిగొచ్చింది. మొదటిది ఇంజనీరింగ్‌లో. డెల్టాలోని చాలా ఇంజనీరింగ్ కళాశాలలు కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోవి. దాని 2020 నియమావళిలో బీటెక్ పట్టాకు 160 క్రెడిట్లు, ఆనర్స్ కావాలంటే అదే శాఖలో మరో 20 ఉండేవి. ఈ 20లో 16 తరగతిలో చదివే కోర్సులు, 4 ఆన్‌లైన్ కోర్సులు. మొదటి ఏడాది ముగిసేసరికి ఎస్‌జీపీఏ 8కి తగ్గకుండా, ఒక్క సబ్జెక్టు కూడా తప్పకుండా ఉంటేనే నాలుగో సెమిస్టరులో నమోదుకు వీలుండేది. మూడో సెమిస్టరు ఫలితాల్లో అది 8కి తగ్గితే నమోదు రద్దయ్యేది. ఈ క్రమంలో మొదటి ఏడాది మార్కులే గేటు కాపలా కాసేవి. సీనియర్లు చెబితే తప్ప మొదటి ఏడాది పిల్లలకు ఈ గేటు ఉందనే తెలిసేది కాదు. రెండో ఏడాదిలో తెలిసేసరికి ఆలస్యమయ్యేది.

రెండోది సాధారణ డిగ్రీలో. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో పాఠ్యక్రమం మార్చినప్పుడు నాలుగేళ్ల ఆనర్స్‌కు వీలు కల్పించారు. 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి తెచ్చారు. యూజీసీ 2022 డిసెంబరు చట్రం ప్రకారం మూడేళ్లకు 120 క్రెడిట్లతో డిగ్రీ, నాలుగేళ్లకు 160 క్రెడిట్లతో ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు నాలుగో ఏట పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయవచ్చు. నాలుగేళ్ల పట్టా ఉంటే పీజీ ఒక్క ఏడాదిలో ముగించే వీలును 2024లో ఇచ్చారు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీ వైపు వెళ్లవచ్చు. వెనకటి ఆనర్స్ పట్టాదారుకు ఎం.ఏ. హోదా దక్కినట్టే ఇది కూడా పీజీలో ఒక ఏడాది మిగుల్చుతోంది.

కానీ పరిశోధన ఆనర్స్ నడపాలంటే ఆ విభాగంలో పీహెచ్‌డీ గైడ్‌గా గుర్తింపు ఉన్న అధ్యాపకులు ఉండాలి, ప్రయోగశాల ఉండాలి. విజయవాడ, గుంటూరుల్లోని కొన్ని స్వయంప్రతిపత్తి కళాశాలలకు, నాగార్జున విశ్వవిద్యాలయానికి అది సాధ్యం. అవనిగడ్డలోనో రేపల్లెలోనో కైకలూరులోనో మూడేళ్లు చదివి 80 శాతం తెచ్చుకున్న అమ్మాయి నాలుగో ఏడుకు ఊరు దాటాల్సి వస్తుంది. హాస్టలు, బస్సు పాసు, ఇంకో ఏడాది సంపాదన లేకపోవడం, పెళ్లి మాటలు మొదలైన ఇల్లు, ఇవన్నీ ఆ ఒక్క నిర్ణయం ముందు వరసగా నిలబడతాయి. ఎన్ఎంఎంఎస్ ఎనిమిదో తరగతిలో చేసిన పని ఈ నాలుగో ఏట చేసే వేతనం, అంటే ఆనర్స్‌కు మారే విద్యార్థికి నెలకు ఇంతని గది అద్దెకూ మెస్సుకూ సరిపడా ఇచ్చేది, అన్నిటికన్నా ముందు కావాలి. మూడో ఏడాది చివరి సెమిస్టరు ఫలితాలు రాగానే ఆ పిల్ల కొనసాగాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. అందుకు ఇంట్లో మాట్లాడుకోవడానికి ఉండేది ఒక్క వేసవే.